నది ఒడ్డున వదిలేసిన చెట్టు

ఆగస్టు చివరి వారం. సాయంత్రం ఏడు గంటలు దాటినా వెలుతురు తగ్గలేదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, కికపూ నది లోయలో, సోయాబీన్ చేను గట్టున ఆపిన పాత పికప్ బండిలో మేము ముగ్గురం మాటామంతీ లేకుండా కూర్చున్నాము. స్టీరింగు ముందు ఆ పొలం యజమాని, డెబ్బై ఏళ్లు దాటిన పాడి రైతు. ఆయన పక్కన మా తమ్ముడు. వెనుక సీటులో నేను. వారిద్దరి కళ్లకూ బైనాక్యులర్లు.

“అదిగో” అన్నారు పెద్దాయన మెల్లగా.

అడవి అంచు నుండి మొదట రెండు చిన్న దుప్పులు వచ్చాయి. కాసేపటికి మూడవది వచ్చింది. మెడ లావుగా ఉంది, పొట్ట కొద్దిగా జారి ఉంది, భారీ దేహానికి కాళ్లు పొట్టివిగా కనిపిస్తున్నాయి. కొమ్ములకు ఇంకా మఖమల్ వంటి మెత్తని చర్మం కప్పి ఉంది. ఎడమ చెవి కొన చిరిగి ఉంది. మూడేళ్లుగా వారిద్దరూ కనిపెట్టి చూస్తున్న తెల్లతోక దుప్పి అదే. మొదటిసారి చూసినప్పుడు దాని వయసు ఏడాదిన్నర. ఈ శరత్తుకు నాలుగున్నర నిండుతుంది.

నేను నంద్యాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మేడిసన్ నగరంలో ఉంటున్న తమ్ముడి ఇంటికి కొన్ని నెలల కోసం వెళ్లాను. వాడు వేటకు పోతాడని విన్నప్పుడు నా మనసు కలత చెందింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరమైంది. నల్లమల అంచున పెరిగినా తాతగారి కాలపు వేట ముచ్చట్లు వినడమే తప్ప నేను ఏనాడూ విల్లు పట్టలేదు. పైగా ప్రాణం తీయడాన్ని వినోదంగా చేసుకోవడం మన ధర్మానికి సమ్మతం కాదు. ఆ మాటే వాడిని అడిగాను.

“ఒక్కసారి మాతో వచ్చి చూడండి భాయ్‌జాన్. ఆ తర్వాత అడగండి” అన్నాడు.

మేడిసన్ నుండి వాయవ్యంగా సుమారు రెండు గంటల ప్రయాణం. పూర్వం ఉత్తర అమెరికాను కప్పిన మంచు పలకలు ఈ ప్రాంతాన్ని తాకకుండా పక్కనుండి సాగిపోయాయట. అందుకే చుట్టుపక్కల నేల చదునుగా ఉన్నా, ఇక్కడ మాత్రం నిటారు కొండలు, ఇరుకు లోయలు మిగిలాయి. కికపూ నది వాటి మధ్య పాములా మెలికలు తిరుగుతుంది. లా ఫార్జ్ వద్ద దీనిపై ఆనకట్ట కట్టేందుకు ప్రభుత్వం రైతుల భూములు తీసుకుంది. 1975లో పని మధ్యలోనే ఆగిపోయింది. నేడు అందులో ఎనిమిది వేల ఎకరాలకు పైగా రక్షిత భూమి. శ్రీశైలం ముంపు గ్రామాల కథలు విన్న నాకు, నీరు చేరకుండానే ఖాళీ అయిన ఆ పొలాల మీదుగా పోతుంటే గుండె బరువెక్కింది.

వేట కాలానికి ముందు చేసే ఈ పరిశీలనే అసలు పని అని మరునాడు తెల్లవారుజామున నాకు అర్థమైంది. ఫజ్ర్ నమాజు ముగించి పెద్దాయన వెంట కొండ ఎక్కాము. మోకాలి నొప్పితో ఆయన పదడుగులకొకసారి ఆగుతున్నారు. ఆగిన ప్రతిచోటా ఏదో ఒకటి చూపిస్తున్నారు. ఒక చెట్టు మొదట్లో బెరడు ఒరుసుకుపోయి ఉంది. అది నిరుటి గుర్తు. సెప్టెంబరు మొదట్లో మఖమల్ చర్మం ఎండి రాలిపోయాక మగ దుప్పులు కొమ్ములను ఇలా చెట్లకు రాస్తాయి. ఆ తర్వాత వేసవి స్నేహాలు చెదిరిపోతాయి. ఒకే చేనులో కలిసి మేసినవి విడిపోయి దేని దారిన అది పోతుంది. నవంబరులో జోడు కట్టే రోజులు. శీతకాలం ముగిసేలోపు కొమ్ములు ఊడిపోతాయి, వసంతంలో మళ్లీ మొలుస్తాయి.

“నిన్న చేనులో చూసినంత మాత్రాన వేట రోజున అక్కడికే వస్తుందనుకోకూడదు. మేత మారుతుంది, దారి మారుతుంది. మనం చూడవలసింది దుప్పిని కాదు, నేలను” అన్నారాయన.

నేలతో పాటు గాలిని కూడా చూడాలి. ఉదయపు ఎండకు వేడెక్కిన గాలి లోయ నుండి పైకి లేస్తుంది. సాయంత్రం చల్లబడి కిందికి జారుతుంది. మనిషి వాసన ఆ గాలితోనే పోతుంది. ముదురు దుప్పి ముక్కును మోసగించడం ఎవరి తరమూ కాదు. అందుకే పొద్దుటికొక చోటు, సాయంత్రానికొక చోటు వెదుకుతారు.

చివరకు నది మలుపు చేరాము. కొండ దిగిన మూడు దారులు అక్కడ ఒక్కటై నీటిని దాటుతున్నాయి. ఒడ్డున పెద్ద మేపుల్ చెట్టు ఉంది. దానికి కొట్టిన పాత చెక్కలు బెరడులో సగం కూరుకుపోయాయి. “మా నాన్న కొట్టిన చెక్కలివి. ఈ పొలంలో ఇంతకు మించిన చోటు లేదు” అన్నారు పెద్దాయన. ఇకపై తాను చెట్టు ఎక్కలేనని, ఈ ఏడు మా తమ్ముడు అక్కడ కూర్చోవాలని కోరారు.

వాడు వెంటనే జవాబివ్వలేదు. నీటి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత సంకోచిస్తూ విషయం చెప్పాడు. వేటను గురించి అదీ బిన్ హాతిమ్ (రజి) అడిగిన ప్రశ్నలకు దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానాలు హదీసు గ్రంథాలలో ఉన్నాయి. అల్లాహ్ పేరు స్మరించి బాణం వదలాలి. దాని పదునే జంతువును చీల్చి ప్రాణం తీయాలి, దెబ్బ అడ్డంగా తగిలి చస్తే తినరాదు. ప్రాణంతో దొరికితే జిబహ్ చేయాలి. బాణం తగిలినది నీటిలో పడి చనిపోతే, ప్రాణం తీసినది బాణమో నీరో తెలియదు కనుక వదిలేయాలి.

“ఇక్కడ బాణం తగిలితే అది నాలుగు అడుగుల్లో నదిలో ఉంటుంది. అప్పుడు నేను తినలేను. తినలేనిదాన్ని చంపడానికి నాకు అనుమతి లేదు” అన్నాడు.

పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. తండ్రి కొట్టిన చెక్క మీద చేయి వేసి నిలబడ్డారు. ఆయనకు కోపం వచ్చిందేమోనని నేను భయపడ్డాను. కాసేపటికి తల ఊపి, “సరే, నీళ్లకు దూరంగా మరొక చోటు వెదుకుదాం” అన్నారు. ఆ మోకాలితోనే మళ్లీ కొండ వైపు తిరిగారు.

మధ్యాహ్నానికి శిఖరం మీద రెండు గుట్టల నడుమ పల్లంగా ఉన్న చోటు దొరికింది. చుట్టూ తెల్ల ఓక్ చెట్లు. శరత్తులో వాటి కాయలు రాలితే దుప్పులు తినడానికి వస్తాయి. ఉదయపు గాలి వాసనను పైకి తీసుకుపోతుంది. నదికి చాలా దూరం. “నది మలుపులో సగం విలువ కూడా చేయదు” అని పెద్దాయన నిజం చెప్పారు. అయినా తాను గుర్తుగా తెచ్చుకున్న రిబ్బను అక్కడి చెట్టుకే కట్టారు.

తిరుగు ప్రయాణంలో నేను అడగదలచిన ప్రశ్నను తమ్ముడే ఎత్తాడు. వాళ్ల ఊరి దగ్గర హలాల్ మాంసానికి కొదవ లేదు. కానీ ఒక్క పెద్ద దుప్పి దొరికితే పాతిక, ముప్పై కిలోల మాంసం. రెండు కుటుంబాలకు చలికాలమంతా సరిపోతుంది. తినడానికి ముందు పరీక్షకు కూడా పంపుతారు. దుప్పుల మెదడును తినివేసే ఒక రోగం ఈ రాష్ట్రంలో 2002లో బయటపడింది. అది ముదురు మగవాటిలో ఎక్కువ. రోగమున్నట్లు తేలితే మాంసం పారేయవలసిందే. “మూడేళ్లు చూసి, ఒక్క బాణం వేసి, చివరికి తినలేకపోవచ్చు. అందుకే తొందరపడము భాయ్‌జాన్” అన్నాడు.

నేను మరేమీ అడగలేదు.

సెప్టెంబరు మధ్యలో విల్లు వేట మొదలయ్యేసరికి నంద్యాల వచ్చేశాను. నవంబరు మొదటి వారంలో తమ్ముడు ఒక ఫొటో పంపాడు. నది మలుపులో పెద్దాయన అమర్చిన కెమెరా తీసినది. సమయం ఉదయం 7:12. ఎడమ చెవి చిరిగిన ఆ దుప్పి మేపుల్ చెట్టు కిందే నిలబడి ఉంది. మఖమల్ రాలిపోయిన కొమ్ములు మంచులో మెరుస్తున్నాయి. అదే సమయంలో తమ్ముడు శిఖరం మీద ఓక్ చెట్టుపై కూర్చుని ఉన్నాడు.

“పెద్దాయన ఏమన్నారు?” అని ఫోనులో అడిగాను.

“నవ్వారు భాయ్‌జాన్. వచ్చే ఏటికి దానికి ఐదున్నర వస్తాయి, అప్పటికి నా మోకాలు బాగుపడితే శిఖరం దాకా నీతోనే వస్తానన్నారు.”

ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. చూసిన మనవలు ప్రతిసారీ ఒకటే అడుగుతారు: “చిన్న తాతయ్య ఆ చెట్టు మీద ఎందుకు కూర్చోలేదు?” దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ నది సంగతి నుండి చెప్పడం మొదలుపెడతాను.