రంగుటద్దం

రంగుటద్దం దూరదర్శినికి కొత్త వెలుగునేమీ ఇవ్వదు. ఉన్న వెలుగులో నుండి కొంత తీసివేస్తుంది. ఈ సంగతి చదివి తెలుసుకొన్నవాడినే అయినా, అది నాకు నిజంగా బోధపడినది మా అమ్మీ వల్ల.

మా పెరట్లో ఆరంగుళాల దర్పణం గల దూరదర్శిని ఉన్నది. దాని అక్షికటకం అడుగున ఉండే మరకు ఒకటింబావు అంగుళపు రంగుబిళ్ళను బిగించుకోవచ్చును. ఆంగ్లేయుడు ఫ్రెడరిక్ రాటెన్ పేరిట ఏర్పడిన సంఖ్యలే ఈ బిళ్ళలకు నేటికీ గుర్తులు: 25 ఎరుపు, 21 నారింజ, 80ఏ నీలం. నారింజలో అంగారకుని ఎడారి నేల ప్రకాశించి, నల్లని ప్రదేశాలు మరింత స్ఫుటమవుతాయి. 25వ సంఖ్య వెలుగులో అధికభాగాన్ని మింగివేస్తుంది. నా వంటి వాని చిన్న దూరదర్శినికి అది దండుగ. బృహస్పతికి నీలమే తగినది. గోధుమవన్నె పట్టీలూ, ఎర్రమచ్చా నీలకాంతిని తక్కువగా ప్రతిఫలిస్తాయి కనుక నల్లగా తేలుతాయి. (సూర్యుని మాత్రం ఈ బిళ్ళలతో చూడరాదు. వీటిలో ఏదీ కంటిని కాపాడదు.)

2024 డిసెంబరులో బృహస్పతి వృషభరాశిలో దేదీప్యమానంగా ఉన్నాడు. ఇషా నమాజు ముగించుకొని అమ్మీ పెరట్లోకి వచ్చినది. నీలపు బిళ్ళ బిగించి చూపించాను.

"అంతా మసకగా ఉంది బేటా" అన్నది.

"పట్టీలు కనబడటం లేదా? నిదానంగా చూడు అమ్మీ."

మూడుసార్లు చూచినది. మూడుసార్లూ అదే మాట. పాఠం వినని విద్యార్థితో మాట్లాడినట్లు కొంత కటువుగానే మాట్లాడాను. ఆమె శాలువా సవరించుకొని లోపలికి వెళ్ళిపోయినది. మర్నాడు ఆ ప్రసక్తి తేలేదు.

రెండు నెలల తరువాత కంటి వైద్యుడు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నవన్నాడు. ముదిరిన కటకం పసుపుబారి నీలకాంతిని అడ్డగిస్తుందని ఆయన వివరిస్తుంటే నేను తలవంచుకొన్నాను. ఆమె కంటిలో వయస్సు ఒక పసుపు బిళ్ళ బిగించినది. దానిపై నేను నీలపు బిళ్ళ పెట్టాను. ఒకటి విడిచిన వెలుగును రెండవది ఆపినది. ఇక ఆమెకు మిగిలినదేమిటి? వంటింట్లో దీపం చాలటం లేదని ఏడాదిగా ఆమె అంటూనే ఉన్నది. నేను వినలేదు.

శస్త్రచికిత్స జరిగి ఇంటికి వచ్చిన రోజున గోడ చూచి, "సున్నంలో ఇంత నీలిమందు ఎవరు కలిపారు?" అని అడిగినది. ఆ గోడకు సున్నం వేసి మూడేళ్ళయినది.

2026 జనవరిలో బృహస్పతి మిథునరాశిలో ఉండగా సంకోచిస్తూనే పిలిచాను. బిళ్ళ లేకుండానే చూపించాను. కొంతసేపు చూచి, "ఆనాటి నీలపుది పెట్టవా?" అన్నది. పెట్టాను.

"రెండు చారలున్నాయి. పక్కన ఈ చుక్కలేమిటి?"

గెలీలియో పేరెత్తి ఉపగ్రహాల సంగతి చెప్పబోయాను. కన్ను తీయకుండానే, చేయి పైకెత్తి నన్ను ఆపినది.