తప్పు మా చేతిది కాదు, ప్రాసెసర్‌ది



కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. ఇది మా రూంలో ఉన్న సిస్టం గురించి. అంతకంటే ఎక్కువ మా రూంలో తమ్ముడి గురించి.

మేము విశాఖలో హాస్టల్లో ఉండి కంప్యూటర్స్‌తో డిగ్రీ చదువుతున్నాం. ఆరుగురం, అందరివీ పాడేరు వైపు ఊళ్ళే. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ల్యాబ్‌లో ఒక్కో సిస్టం ముందు ముగ్గురు కూర్చోవాలి. మౌస్ ముందొచ్చినోడి చేతిలోనే ఉంటుంది. అందుకని తలా 5,000 వేసుకుని 30,000తో ఒక సిస్టం కట్టించుకున్నాం. కొందరిది స్కాలర్‌షిప్ డబ్బు, కొందరిది ఇంట్లో కాఫీ గింజలు అమ్మిన డబ్బు. మానిటర్ సెకండ్ హ్యాండ్. ప్రాసెసర్ మాత్రం సీలు బాక్సులో వచ్చిన కొత్తది, మూడేళ్ళ వారంటీ.

మూడో వారం నుంచి కష్టాలు మొదలయ్యాయి. ప్రోగ్రాం రాస్తుంటే ఉన్నట్టుండి నీలం స్క్రీన్, తర్వాత రీస్టార్ట్. ఒక్కోసారి ఒక్కో ఎర్రర్ పేరు. జిప్ ఫైలు విప్పితే పాడైపోయిందంటుంది, అదే ఫైలు మళ్ళీ విప్పితే బాగానే వస్తుంది.

మొదటిసారి క్రాష్ అయినప్పుడు కీబోర్డు ముందు ఉన్నది తమ్ముడు. మాలో వాడొక్కడే ఫస్టియర్. కాలేజీకి వచ్చేదాకా కంప్యూటర్ ముట్టుకోలేదు. "ఏం నొక్కావురా?" అన్నాం. రెండోసారి కూడా వాడి వంతులోనే ఆగిపోయింది. ఈసారి గట్టిగానే అన్నాం. ఆ తర్వాత వాడు సిస్టం దగ్గరికి రావడం మానేశాడు. ప్రోగ్రాములు కాగితం మీద రాసుకునేవాడు. అందులో వాడి 5,000 కూడా ఉన్నాయని మాకప్పుడు గుర్తు రాలేదు. వాడు రాకపోయినా క్రాష్‌లు ఆగలేదు.

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని సిస్టం షాపుకి తీసుకెళ్ళాం. అక్కడ అరగంట ఆన్ చేసి ఉంచితే ఏమీ కాలేదు. "హాస్టల్ కరెంటు బాగుండదు. మీకు వాడటం రాక ఏవేవో నొక్కుంటారు. ప్రాసెసర్ పోవడం అనేదే ఉండదు" అన్నారు. విండోస్ మళ్ళీ వేసి 500 తీసుకున్నారు. తల ఊపి వచ్చేశాం. రూంకి వచ్చాక ఎవరం మాట్లాడలేదు. షాపాయన మాతో అన్న మాటే మేము తమ్ముడితో అన్నాం.

సంతలో మా అయ్యలు కూడా ఇలాగే తల ఊపి వచ్చేవాళ్ళు. షావుకారు తూకంలో కోత పెట్టి "నీ పసుపు ఎండలేదు" అనేవాడు. కాటాలో మోసం ఉందేమో అని అనుమానం వచ్చినా, చూపించడానికి చేతిలో కాగితం ముక్క ఉండేది కాదు.

అప్పుడు మా సీనియర్ అన్న ఒకాయన వచ్చి చూశాడు. "ఎవరినీ తిట్టకండి. ముందు రాయండి" అన్నాడు. తమ్ముడి చేతిరాత బాగుంటుందని నోట్‌బుక్ వాడికే ఇచ్చాడు. తేదీ, టైము, అప్పుడు ఏం పని జరుగుతోంది, ఏ ఎర్రర్ వచ్చింది, అన్నీ వాడు రాశాడు. 19 రోజుల్లో 23 క్రాష్‌లు.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలీదని అన్న చెప్పాడు. అలాగే చేశాం. వేడి చూశాం, మామూలుగానే ఉంది. బయోస్ అప్‌డేట్ చేశాం. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే ర్యామ్‌లో ఒక్క తప్పూ లేదు. వేరే ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి పెట్టాం. లినక్స్ వేసి చూశాం. అయినా ఆగిపోతూనే ఉంది.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది. కొన్ని క్రాష్‌ల తర్వాత అందులో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్ నమోదవుతోంది. దాని కింద ప్రాసెసర్ ఏపిక్ ఐడీ అని ఒక నంబరు. ఏ కోర్ దగ్గర తప్పు జరిగిందో అది చెబుతుంది. ఒకరోజు తమ్ముడు నోట్‌బుక్ తిరగేస్తూ "అన్నా, ప్రతిసారీ 6 అనే ఉంది" అన్నాడు. వెనక్కి వెళ్ళి లెక్కపెట్టాం. నంబరు నమోదైన 17 సార్లూ 6.

ఆఖరికి అన్న తన సిస్టంలోని ప్రాసెసర్ తీసి మాదాంట్లో పెట్టాడు. రెండు రోజులు ఒక్కసారి కూడా ఆగలేదు. మాది అన్న సిస్టంలో పెడితే ఆ సాయంత్రమే నీలం స్క్రీన్. జబ్బు ప్రాసెసర్‌తో పాటే వెళ్ళింది.

పెద్ద పెద్ద వాళ్ళకీ ఇలా జరిగిందని అప్పుడే తెలుసుకున్నాం. 1994లో అమెరికాలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్‌కి ప్రధాన సంఖ్యల మీద పని చేస్తుంటే లెక్క తేడా వచ్చింది. నెలల తరబడి మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చి, పెంటియం ప్రాసెసర్ భాగహారంలోనే తప్పుందని తేల్చాడు. మొదట్లో, అవసరమని నిరూపించుకున్న వాళ్ళకే మార్చి ఇస్తామంది కంపెనీ. గొడవ పెద్దదయ్యాక డిసెంబరులో అడిగిన వాళ్ళందరికీ ఇస్తామని ఒప్పుకుంది. ప్రొఫెసర్ మాటకే అంత టైం పట్టింది.

బిల్లు, బాక్సు, నోట్‌బుక్ పేజీల ఫోటోలు పెట్టి కంపెనీ వారంటీకే నేరుగా రాశాం. రెండుసార్లు అవే ప్రశ్నలు అడిగారు. రెండుసార్లూ అవే పేజీలు పంపాం. మూడు వారాలకు కొత్త ప్రాసెసర్ వచ్చింది. అప్పటి నుంచి సిస్టం ఆగలేదు.

ప్రాసెసర్ పోవడం అరుదే. ముందు వేడి, ర్యామ్, కరెంటు చూసుకోవాల్సిందే. కానీ అరుదు అంటే అసలు ఉండదని కాదు. మీకు ఇలా జరిగితే బిల్లు, బాక్సు పారేయకండి, ప్రతి క్రాష్ రాసి పెట్టుకోండి. "మీకు రాదు" అని ఎవరన్నా అంటే తల ఊపి వచ్చేయకండి. ముఖ్యంగా, మన పక్కనున్న వాడిని మనం ఆ మాట అనకూడదు.

తమ్ముడికి సారీ చెప్పాం. "సర్లే అన్నా" అన్నాడు. కొత్త ప్రాసెసర్ పెట్టిన రోజు మొదటి వంతు వాడికే ఇచ్చాం. పవర్ బటన్ నొక్కే ముందు మా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు మాకింకా గుర్తుంది.

ఎవరి సిస్టం అయినా ఇలా ఆగిపోతుంటే ఇక్కడే రాయండి. నోట్‌బుక్ ఎలా రాయాలో తమ్ముడు చెబుతాడు.