తుపాకీ ముచ్చట్లతో జోడేఘాట్ దాకా..

అర్ధరాత్రి దాటినా ఆ గదిలో కాల్పులు ఆగవు. చప్పుడు మాత్రం బయటికి రాదు. లైటు తీసేసి ఉంటుంది. సెల్‌ఫోను వెలుగులో ఓ ఇరవయ్యేళ్ల ముఖం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. 'నీ వెనకాల ఉన్నడు, చూస్కో' అని ఎవరికో హెచ్చరిక. ఆ ఎవరో వరంగల్‌లో ఉండొచ్చు, వైజాగ్‌లో ఉండొచ్చు. పక్క గదిలోంచి తాత దగ్గి, 'ఇంకా పండుకోలేదారా బిడ్డా?' అంటాడు. జవాబుండదు.

కరీంనగర్ మంకమ్మతోటలోనో, ముకరంపురలోనో ఇలాంటి గదులు వీధికి నాలుగైనా ఉంటాయి. ఇలాంటి కుర్రాళ్లకు సాధారణంగా మూడు పిచ్చిలు. మొదటిది ఆట. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధిస్తే వీళ్లు తిండి మానేసినంత పనిచేశారు. మరుసటి ఏడాది అదే ఆట కొత్త పేరుతో తిరిగొచ్చాకగానీ ప్రాణం కుదుటపడలేదు. రెండోది సినిమా. అందరూ చూసేది కాదు, పదిమంది మాత్రమే పదిసార్లు చూసేది. మూడోది తుపాకీ. నిద్రలో లేపి అడిగినా ఏకే 47కి, ఎం 416కి తేడా చెబుతారు. 'అమెరికాలో అయితే దుకాణానికి పోయి కొనుక్కోవచ్చు, మన దగ్గరే ఎందుకీ అడ్డంకులు' అని అన్నం దగ్గర వాదన పెట్టుకుంటారు.

నాన్నేమీ తక్కువ తినలేదు. ఇంటర్నెట్ సెంటర్లు వీధివీధినా వెలిసిన రోజుల్లో గంటకింతని కట్టి 'కౌంటర్ స్ట్రైక్' ఆడిన తరం ఆయనది. కృష్ణవంశీ 'సింధూరం' (1997) అంటే చెవి కోసుకుంటాడు. ఆ సినిమా సొమ్ములు తేలేదుగానీ ఇలాంటి అభిమానుల్ని మిగిల్చింది. ఇక తాతకు 1980లో విడుదలైన 'మా భూమి' ఒక్కటే సినిమా, మిగతావన్నీ బొమ్మలాటలే!

ఇలాంటి ముగ్గురిని ఒక కారులో ఎక్కించి ఉత్తరం వైపు పంపితే? కరీంనగర్ నుంచి జోడేఘాట్ వరకూ ఉన్న దారి మామూలు దారి కాదు. తుపాకీ ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ప్రతి మజిలీలోనూ ఎదురొచ్చే దారి అది.

ఊరు దాటకముందే..

సినిమా ముచ్చట కరీంనగర్‌లోనే మొదలవుతుంది. హిందీ తెరను ఏలిన పైడి జైరాజ్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1909లో. 1929లో మూకీలతో బొంబాయిలో అడుగుపెట్టి, పృథ్వీరాజ్ చౌహాన్ లాంటి వీరుల వేషాలకు పెట్టింది పేరయ్యాడు. 1963లో చంద్రశేఖర్ ఆజాద్‌గా తుపాకీ కూడా పట్టాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. ఆయన మనవాడేనని సొంత ఊళ్లో ఎంతమందికి తెలుసో మరి!

కొత్తపల్లి దాటి, గంగాధర మీదుగా జగిత్యాల రోడ్డు. కొండగట్టు అంజన్న దగ్గర ఆగి దండం పెట్టుకోకుండా ఈ దారిన పోయేవాళ్లు అరుదు. మెట్ల దగ్గర టీ తాగుతూ కుర్రాడు మళ్లీ తన వాదన ఎత్తుకుంటాడు. దానికి చట్టం చెప్పే జవాబు చిన్నదే. ఆయుధం దగ్గర పెట్టుకునే హక్కును అమెరికా 1791లోనే రాజ్యాంగంలో రాసుకుంది. మన రాజ్యాంగంలో ఆ మాట లేదు. 1857 తిరుగుబాటు చూసిన తెల్లవాళ్లు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి జనం చేతుల్ని ఖాళీ చేశారు. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది. అయినా తుపాకీ లైసెన్సు అన్నది ప్రభుత్వం ఇస్తే పుచ్చుకునేదిగానే మిగిలింది. ఎందుకు కావాలో చెప్పుకోవాలి, పోలీసు విచారణ జరగాలి. ఎన్నికలొస్తే చాలామంది దాన్ని తీసుకెళ్లి స్టేషన్లో అప్పగించాలి. ఒకరి దగ్గర మూడు దాకా ఉండొచ్చన్న పరిమితిని 2019లో రెండుకు తగ్గించారు కూడా.

'అంటే మంచోని దగ్గర ఉండదు, దొంగోని దగ్గర ఉంటది. ఇదేం న్యాయం తాతా?'

తాత నవ్వి ఊరుకుంటాడు. జగిత్యాల ఇంకా రాలేదు కదా!

ఆ సెప్టెంబరు ఏడో తేదీ

ఇప్పటి జగిత్యాలను చూస్తే నమ్మలేం. బట్టల షాపులు, గల్ఫ్ ప్రయాణాల ఏజెన్సీలు, కొత్త మేడలు. 1978 సెప్టెంబరు 7న ఈ ఊరు రైతుకూలీలతో నిండిపోయింది. 'జగిత్యాల జైత్రయాత్ర'గా చెప్పుకునేది ఆ రోజునే. వెట్టి పోవాలి, కూలి పెరగాలి, దొరలు ఆక్రమించిన భూములు వదలాలి.. ఇవీ అడిగినవి. ఊళ్లలో దొరల గడీలకు చాకలి, మంగలి పనులు బంద్ పెట్టారు. పుట్టి బుద్ధెరిగాక దొర తన బట్టలు తాను ఉతుక్కోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

అక్టోబరు వచ్చేసరికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. హెచ్చరించి కాల్పులు జరిపే అధికారాన్ని పోలీసు అధికారుల చేతికిచ్చే చట్టం అది. కుర్రాడు రోజూ మాట్లాడే 'తుపాకీ హక్కు' ఇక్కడ మొదట దక్కింది వాళ్లకే. గడీల్లోని లైసెన్సు తుపాకుల కోసం దళాలు రావడం కూడా ఆ రోజుల్లో మొదలైంది. ఆత్మరక్షణకని కొనుక్కున్న తుపాకీయే ఇంటిమీదికి ఆపద తెచ్చేది. చాలామంది దొరలు తలుపులకు తాళాలేసి పట్నాలకు చేరారు.

ఆ తర్వాతి ముప్పై ఏళ్లు ఈ జిల్లాలో ఇల్లు కదిపితే కథ. జగిత్యాల దగ్గరి బీర్‌పూర్‌లో పుట్టి, పంతులుగా పనిచేసిన ముప్పాళ లక్ష్మణరావు మావోయిస్టుల అగ్రనేత గణపతి అయ్యాడు. పెద్దపల్లి మల్లోజుల ఇంటి నుంచి ఇద్దరన్నదమ్ములు అడవికి పోయారు. అన్న కోటేశ్వరరావు 2011 నవంబరులో బెంగాల్‌లో కాల్పుల్లో చనిపోయాడు. తమ్ముడు వేణుగోపాల్ 2025 అక్టోబరులో గడ్చిరోలిలో సహచరులతో కలిసి వచ్చి తుపాకీ అప్పగించాడు. ఇటు, శాసనసభ స్పీకరుగా చేసిన మంథని నాయకుడు శ్రీపాదరావును 1999 ఏప్రిల్ 13న నక్సలైట్లు కాల్చిచంపారు. ఎన్‌కౌంటర్ల పేరుతో పోయిన పిల్లలు, ఇన్ఫార్మర్లన్న ముద్రతో పోయిన ఊరివాళ్లు, మందుపాతరలకు బలైన కానిస్టేబుళ్లు.. ఏ పక్షాన చూసినా పోయినవాళ్లలో ఎక్కువమంది చిన్న ఇళ్ల బిడ్డలే.

'సింధూరం' అభిమాని అయిన నాన్న ఈ ముచ్చట సాగినంతసేపూ స్టీరింగు మీంచి చూపు తిప్పడు.

గోదారి అవతల

ధర్మపురిలో నర్సింహస్వామి దర్శనం చేసుకుని, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. లక్సెట్టిపేట తర్వాత జన్నారం. ఇక్కడి నుంచి ప్రయాణానికి రంగు మారుతుంది. రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు, ఎండ నేల మీద పడనివ్వని నీడ. 2012లో పెద్దపులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి ఇది. వానాకాలం ముగిసే రోజుల్లో వస్తే కళ్లు తిప్పుకోలేం.

ఒకప్పుడు ఇక్కడ తుపాకీ అంటే వేట. నిజాం కాలంలో పులి వేట నవాబులకూ వాళ్ల అతిథులకూ వినోదం. అదే అడవిలో పోడు కొట్టుకుని, పశువులు మేపుకునే గోండుకు మాత్రం చెట్టు నరికితే జుల్మానా, మేత మేపితే పన్ను.

ఉట్నూరు దాటి ఆదిలాబాద్ రోడ్డులో కొద్దిదూరం పోతే ఇంద్రవెల్లి. సోమవారం అంగడికి చుట్టుపక్కల గూడేలన్నీ కదిలొస్తాయి. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే. రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంటే అనుమతి లేదన్నారు. అంగడికి వచ్చినవాళ్లెవరో, సభకు వచ్చినవాళ్లెవరో తేల్చేదెలా? పోలీసులు కాల్చారు. పోయింది పదముగ్గురని ప్రభుత్వ లెక్క, అరవై దాకా అని హక్కుల సంఘాల లెక్క. తర్వాత కట్టిన స్తూపాన్ని 1986లో ఎవరో పేల్చేశారు, మరుసటి ఏడాది మళ్లీ కట్టారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి, ఏప్రిల్ 20 వచ్చిందంటే సొంతవాళ్లు అక్కడికెళ్లి ఓ పువ్వు పెట్టడానికి కూడా ఆంక్షలే.

స్తూపం ముందు కుర్రాడు ఫొటో తీయడానికి ఫోను ఎత్తుతాడు. ఎందుకో మళ్లీ జేబులో పెట్టేసుకుంటాడు.

మార్లవాయి పంతులు

జైనూరు మండలం మార్లవాయి చిన్న ఊరు. ఊరి పక్కన రెండు సమాధులు. ఒకటి హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్తది, రెండోది ఆయన భార్య బెట్టిది. ఈ దొర ఇక్కడికెలా వచ్చాడన్నది ఓ వింత. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్‌వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. జైల్లో పెట్టకుండా నిజాం రాజ్యంలో ఉండనిచ్చారు. అప్పుడే కొమురం భీమ్ తిరుగుబాటు ముగిసింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకుని చెప్పమని నిజాం ప్రభుత్వం ఆయన్ను పురమాయించింది. దంపతులిద్దరూ మార్లవాయిలో కాపురం పెట్టారు. గోండీ నేర్చుకున్నారు.

ఆయన సలహాతో జరిగినవి రెండు. భూమి పట్టాలు లక్షన్నర ఎకరాలకు పైగా గిరిజనుల పేరిట వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లను తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు అచ్చువేశారు. గోండుల మీద ఆయన రాసిన పుస్తకం 1948లో వచ్చింది. హైమన్‌డార్ఫ్‌కు కూడా కెమెరా పిచ్చి ఉండేది. ఫొటోలు, సినిమా రీళ్లు కుప్పలుగా తీశాడు. అవి ఇప్పుడు లండన్‌లోని ఓ విద్యాసంస్థ భద్రంలో ఉన్నాయి. బెట్టి 1987లో హైదరాబాద్‌లో చనిపోతే తెచ్చి ఇక్కడే సమాధి చేశారు.

గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ తెచ్చిన కనకరాజుదీ ఈ ఊరే. ఆయన 2024లో కన్నుమూశాడు. దీపావళికి ముందు దండారీ రోజుల్లో ఇటు వస్తే నెమలి ఈకల టోపీలు, డప్పుల మోతతో గూడేలు ఊగిపోతుంటాయి. ఆ వైభవం సినిమాలో చూస్తే చాలదు.

భీమ్ అడిగిందేమిటి?

కెరమెరి మండలం హట్టి దగ్గర మలుపు తిరిగితే గుట్టల్లోకి రోడ్డు. ఒకప్పుడు నడిచి తప్ప చేరలేని జోడేఘాట్‌కు ఇప్పుడు కారు పోతుంది. స్మారకం ఉంది, మ్యూజియం ఉంది. 2016లో ఏర్పడిన జిల్లాకూ భీమ్ పేరే పెట్టారు.

'జల్, జంగల్, జమీన్' మావేనంటూ పన్నెండు గూడేలను కూడగట్టిన భీమ్ 1940లో ఈ గుట్టల్లోనే నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. తేదీ మీద భేదాలున్నా గోండులు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి ఇక్కడ చేరతారు. ఆనాడు పోలీసులవి రైఫిళ్లు. ఇటువైపు ఉన్నవి కొద్ది బర్మార్ తుపాకులు, బరిసెలు, బాణాలు. బర్మార్ అంటే గొట్టంలో మందు కూరి, గట్టిగా దట్టించి కాల్చాల్సిన తుపాకీ. ఒక్క గుండు కాల్చి రెండోది నింపేలోపు రైఫిల్ ఎన్నిసార్లు పేలుతుందో ఆటలాడే కుర్రాడికి ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు. వెంటనే ముఖంలో తెలిసిపోతుంది.

ఇక్కడే సినిమా ముచ్చట మళ్లీ వస్తుంది. కుర్రాడు 'ఆర్ఆర్ఆర్' (2022) ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. 2020 అక్టోబరులో దాని టీజరులో భీమ్‌కు ముస్లిం టోపీ పెట్టారని ఆదివాసీలు భగ్గుమన్నది ఈ ప్రాంతంలోనే. ఆ సినిమాలో రామరాజు పడిన తపనంతా ఊరివాళ్లందరి చేతికీ తుపాకీ అందించాలనే. చివరికి అందిస్తాడు. అప్పుడు 'నీకేం కావాలి' అని భీమ్‌ను అడిగితే, అతను చదువు చెప్పమంటాడు. థియేటర్‌లో ఈలల మధ్య ఆ మాట చాలామందికి విననే పడలేదు. అసలు భీమ్ గురించి జనం చెప్పుకునే కథలోనూ చదువుంది. ఊరొదిలి తిరిగిన రోజుల్లో మహారాష్ట్ర వైపు ఓ అచ్చు యంత్రం యజమాని దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడంటారు.

నిజమైన 'కల్ట్' సినిమా మాత్రం ఇంకొకటి ఉంది. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమురం భీమ్'. భూపాల్‌రెడ్డి భీమ్‌గా నటించాడు. నంది అవార్డులు వచ్చాయిగానీ థియేటర్ మాత్రం దొరకలేదు. ఇరవై ఏళ్లు డబ్బాలోనే ఉండి 2010లో విడుదలైంది. ఈ సంగతి చెప్పింది నాన్న. కుర్రాడికి అది తెలియకపోవడం ఆయనకు కాస్త గర్వంగానే ఉంటుంది.

పొద్దు గుంకకముందే బయల్దేరాలి. కవ్వాల్ అడవి దారిలో రాత్రిపూట ఆంక్షలుంటాయి. తాత ముందు సీట్లో కునుకు తీస్తుంటాడు. వెనక సీట్లో కుర్రాడు ఫోను తీస్తాడు. ఆట కోసం కాదు, అల్లాణి శ్రీధర్ సినిమా ఎక్కడైనా దొరుకుతుందేమోనని. హట్టి మలుపు వచ్చేదాకా సిగ్నల్ అందదు.