నీళ్ళ రంగు

మన పాఠశాల సాంవత్సరిక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, ఇరువదియేండ్లుగా నేను పిల్లలకు నేర్పిన విషయములలో ఏదేని యొకదానిని గూర్చి వ్రాయుదునని మొదట తలచితిని. ఆలోచించినకొలది, నేను నేర్పినదానికంటె నేను నేర్చుకొన్నదే చెప్పదగినదిగా తోచినది. అది శిక్షణ కళాశాలలో నేర్చినది కాదు. ఒక బాలుని వలనను, మా యమ్మ వలనను నేర్చినది. ఆ బాలుని పేరు ఇచ్చట చెప్పను. అతడిప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. ఈ సంగతి వ్రాయుటకు అతడు మనసార సమ్మతించెను.

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రిని హైదరాబాదు వాసులు మరువజాలరు. ఒక్క దినములో నగరమున 19 సెంటీమీటర్ల వర్షము కురిసినది. తూర్పున ఘటకేసరు ప్రాంతమున 30 సెంటీమీటర్లు దాటినది. అంతకు మూడు వారములు నిండకమునుపే, సెప్టెంబరు 25వ తేదీన, దుర్గము చెరువుపై తీగల వంతెన ప్రారంభింపబడియుండెను. దాని రంగురంగుల దీపములను జూచుటకు జనులు తండోపతండములుగా మాదాపురము పోవుచుండిరి. ఆ దీపములకు కొలది మైళ్ళ దూరముననే, టోలిచౌకిలోని నదీము కాలనీలో, ఆ వాన తరువాత వీధులలో పడవలు నడిచినవి. ప్రక్కనున్న చెరువు పొంగి ఇండ్లలోనికి వచ్చిన నీరు దినముల తరబడి పోలేదు.

మన బాలుని యిల్లు ఆ పల్లపు నేలలోనిదే. తండ్రి ఆటో నడుపును. తల్లి రాయదుర్గములోని యొక అద్దాల మేడలో నేల తుడుచు పని చేయును. నీరు వచ్చినప్పుడు కుటుంబమంతయు పైయంతస్తువారి యింటి కెక్కి ప్రాణములు దక్కించుకొనెను. మనుష్యులకు హాని లేదు గాన, "దేవుని దయవలన బ్రదికిరి, అదియే చాలును" అని మేమందరము సంతోషించితిమి. బియ్యమును, దుప్పట్లను పంపితిమి. అంతటితో మా కర్తవ్యము తీరినదనుకొంటిమి.

ఆ యేడు మహమ్మారి వలన బడులు మూతపడియుండెను. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలకు 2021 ఫిబ్రవరి 24వ తేదీన గాని తలుపులు తిరిగి తెరువబడలేదు. ఏడవ తరగతిలోనికి వచ్చిన ఆ బాలుడు మునుపటివలె మాటకారి కాడు. బడి లేక సోమరియైనాడని నేననుకొంటిని. మార్చి నెలలో ఒక దినము చిత్రలేఖనపు గంటను నేను చూడవలసి వచ్చెను. "మా యిల్లు" అను విషయమిచ్చి, మైనపు రంగులు పంచితిని. అందరును పెంకుల కప్పు, కిటికీ, చెట్టు, సూర్యుడు గీసిరి. ఆ బాలుడు కాగితమంతయు నల్లరంగుతో నింపెను. నడుమ గోటితో గీకిన తెల్లని వంకరగీత యొకటి మాత్ర ముండెను.

"ఇల్లెక్కడ?" అని యడిగితిని.

"నీళ్ళు, సార్."

"నీళ్ళు నల్లగా నుండునా? నీలిరంగు వేయవలెనని తెలియదా? ఈ గీత యేమి? కాగితమంతయు పాడు చేసితివి" అని, తక్కినవారందరు వినుచుండగా చెప్పి, ఎర్రసిరాతో అడ్డగీటు కొట్టి, మరల వేయుమని యిచ్చితిని. అతడేమియు ననలేదు. కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొనెను. రంగులు మరల ముట్టలేదు. అటుపిమ్మట మహమ్మారి రెండవమారు విజృంభింపగా, మార్చి 24వ తేదీనుండి బడులు మరల మూతపడినవి.

ఆ వేసవిలో ఒకనాటి సాయంకాలము, పిల్లలు చదువు మరచుచున్నారని మా యమ్మతో చెప్పుచు, ఈ నల్లని చిత్రపు సంగతిని నవ్వుచునే చెప్పితిని. ఆమె నవ్వలేదు. "నీళ్ళు నీలంగా ఉంటాయని నీకెవరు చెప్పార్రా?" అనెను. "ఆ రాత్రి నేను చూసిన నీళ్ళు నల్లగానే ఉన్నాయి."

మా యమ్మ దివిసీమలో, నాగాయలంక దాపుననున్న పల్లెలో పుట్టినది. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పదునాలుగేండ్లు. తాడియెత్తున అలలు వచ్చినవని మా వైపువారు చెప్పుదురు. పదివేలకు పైగా జనులు చనిపోయిరి. అందులో మా యమ్మ తమ్ముడొకడు, నాలుగేండ్లవాడు. అతడుండెనని నాకు తెలియును. ఎట్లు పోయెనో అంతవరకు తెలియదు. చేయి పట్టుకొని యున్నది తానేయని, ఆ చేయి జారినదని, నలుబదిమూడేండ్ల తరువాత ఆ సాయంకాలము నాతో చెప్పినది.

బ్రదికినవారిని అవనిగడ్డలో ఒక బడిలో నుంచిరట. వచ్చినవారందరు ఏమైనదో చెప్పుమని యడిగెడివారట. ఆమెకు నోరు పెగలలేదు. అక్కడ నున్న యొక ముసలమ్మ మాత్రము ఏమియు నడుగక, దయగలవారు పంపిన పాతచీరలు చించి ముందు వేసి, సూదిదారము చేతికిచ్చి, బొంత కుట్టుటకు కూర్చుండబెట్టినదట. "బొంత కుట్టేవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు నాయనా. కళ్ళు సూది మీదుంటాయి. అప్పుడు మాట దానంతటదే వస్తుంది" అనెను మా యమ్మ. ఆమెకు మాట వచ్చుటకు పండ్రెండు దినములు పట్టినదట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్టోబరు 13వ తేదీన నీరు వచ్చినది రాత్రి గదా. విద్యుద్దీపము లారిపోయిన రాత్రి, మురికికాలువలు కలిసిన నీరు ఏ రంగున నుండును? కన్నులార చూచినవానికి, చూడనివాడను నేను దిద్దితిని.

అప్పటినుండి ఈ విషయమును గూర్చి దొరకినవెల్ల చదువ మొదలుపెట్టితిని. మన నగరమునందే దీనికి పెద్ద యుదాహరణము కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రదికిరని యిప్పటికిని చెప్పుకొందురు. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యాలోచన ననుసరించి వరదనీటి నాపుటకు రెండు జలాశయములు కట్టబడినవి. 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరును మనము గండిపేట యందుము. నేటి గచ్చిబౌలి మేడలకు పడమట నది దగ్గరలోనే కలదు. రెండవది హిమాయత్‌సాగరు. నదికి కట్టలు వేసిరి, మంచిదే. కాని మనుష్యుల లోపల పొంగినదానికి కట్ట యెవరు వేసిరి? ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని ఒంటరిగా మిగిలిన యువకు డొకడు ఉర్దూ కవిత్వములో తన దుఃఖమును పోసెను. అతడే రుబాయీలకు పేరుపొందిన అంజద్ హైదరాబాదీ. అతనికి కవిత్వమున్నది. కవిత్వము రాని వేలమందికి ఏమున్నది?

ఈ ప్రశ్నకు నేటి శాస్త్రజ్ఞులు కొంత సమాధానము చెప్పుచున్నారు. క్షయరోగమునుండి కోలుకొనుచు ఆసుపత్రి పడకపై బొమ్మలు గీసికొన్న ఏడ్రియన్ హిల్ అను ఆంగ్ల చిత్రకారుడు, 1942లో ఇట్టి పనికి "కళాచికిత్స" యను పేరు పెట్టెను. బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థవారు 2001 గుజరాతు భూకంపమునప్పుడును, 2004 సునామీ యప్పుడును ఊళ్ళలోని సామాన్యులకే శిక్షణమిచ్చి బాధితులకు తోడుగా పంపిరి. పిల్లలకు ఆటలు, బొమ్మలు, కథలు, మట్టిపని సాధనములైనవి. 2009లో మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు విపత్తులలో మానసిక సహాయమునకై ప్రత్యేకముగా మార్గదర్శకములు ప్రకటించిరి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ప్రచురించిన చేతిపుస్తకము మూడు మాటలు చెప్పుచున్నది: చూడుము, వినుము, తగిన సహాయముతో కలుపుము. జరిగినదానిని చెప్పుమని బాధితుని బలవంతపెట్టరాదని కూడ అది హెచ్చరించుచున్నది. మా యమ్మకు సూది యిచ్చిన ముసలమ్మ ఇవేవియు చదువలేదు.

యోబు స్నేహితుల కథ మనలో చాలమంది యెరుగుదురు. వారు ఏడు దినములు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చుండిరి. ఓదార్పు అంతవరకే. నోరు తెరచి కారణములు వెదకనారంభించినప్పుడే వారు తప్పిరి. ఉపాధ్యాయులమైన మనము మొదటి దినమే నోరు తెరతుము.

2021 సెప్టెంబరు 1వ తేదీన బడి తెరువగానే ఆ బాలుని పిలిచి, "నీళ్ళ రంగు నాకు తెలియక దిద్దితిని. తప్పు నాది" అని చెప్పితిని. అతడు నేల చూచుచు నిలిచి, గంట కొట్టగానే వెళ్ళిపోయెను. ప్రధానోపాధ్యాయుల సెలవుతో శనివారము కడపటి గంటను వేరుచేసితిని. కాగితములు, రంగులు, తడిమట్టి బల్లమీద నుంచుదుము. విషయ మీయము. మార్కులు లేవు. అర్థమేమని యెవరు నడుగరాదు. వేసినవాని సెలవు లేనిదే గోడకు తగిలింపరాదు. ఊరక కూర్చుండవలెనన్న కూర్చుండవచ్చును. మొదటి వారము నలుగురు వచ్చిరి. ఆ బాలుడు మూడవ వారము వచ్చి, ఏమియు ముట్టక కూర్చుండెను. అట్లు అయిదారు వారములు గడచినవి.

నవంబరులో పిల్లలను మాదాపురములోని శిల్పారామమునకు తీసికొనిపోయితిమి. దాని కెదుట 1998లో తెరువబడిన సైబరు టవర్సు నిలిచియున్నవి. ఇవతల కుమ్మరి సారె తిరుగుచున్నది. కుమ్మరి పిల్లలందరికి మట్టిముద్ద లిచ్చెను. తక్కినవారు దీపపు ప్రమిదలు చేయుచుండగా, మా బాలుడు మట్టిని అరచేతుల నడుమ నులిమి పొడవైన త్రాడు చేసెను. త్రాటికి ముడి వేసెను. నేను ప్రక్కన కూర్చుండి నా మట్టిని నులుముచుంటిని. అతని వైపు చూడలేదు. మా యమ్మ చెప్పిన మాట జ్ఞప్తియం దున్నది.

"ముడి నేనే ఏసిన, సార్," అనెను కొంతసేపటికి. "మేకకు. నీళ్ళొచ్చినంక ఇప్పరాలే."

నల్లని కాగితము నడుమ నున్న తెల్లని గీత ఏమో అప్పుడు నాకు తెలిసినది. "ఒక మేక కొరకా యింత దుఃఖము" అను మాట నా నాలుకపైకి వచ్చినది. మ్రింగితిని. "దాని పేరేమి?" అని మాత్ర మడిగితిని. చెప్పెను. ఆ పేరు అతనిది గాన ఇచ్చట వ్రాయను. అప్పుడు వాడు ఏడ్చెను. కుమ్మరి సారె ఆపి, ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి యిచ్చెను.

తరువాత తల్లి చెప్పినది: వానచప్పుడైన రాత్రులయందు వాడు లేచి ఇంటిలోని ముడులన్నియు విప్పుచుండెనట. దోమతెర త్రాళ్ళు, బట్టలారవేయు త్రాడు, బియ్యపు సంచి మూతి, అన్నియు. అల్లరియని కొట్టిరట. ఇది నాచేత నగు పని కాదని, డాక్టరునకు చూపుడని చెప్పితిని. "ఎర్రగడ్డకా, సార్? మా పోరడు పిచ్చోడా?" అని తండ్రి కోపగించెను. ఆ పేరు వినగానే నవ్వుట మన ఊరికి అలవాటు. ఆ నవ్వు వలన ఎందరు సహాయము పొందక పోవుచున్నారో! మూడు మారులు వారి యింటికి పోయి చెప్పగా ఒప్పుకొనిరి. కొన్ని నెలల చికిత్సతో నిద్ర కుదిరినది. పూర్తిగా మరచెనని చెప్పను. వాన బలముగా పడిన నేటికిని లేచి కూర్చుండునట. కాని ముడులు విప్పడట.

తలిదండ్రులారా, తోటి ఉపాధ్యాయులారా! వరద తీసిన తరువాత మీ పిల్లలు మాటలాడకున్నను, పడక తడుపుచున్నను, విచిత్రమగు పనులు చేయుచున్నను, కోపగింపకుడు. కాగితమో, మట్టియో, సూదియో చేతికిచ్చి ప్రక్కన కూర్చుండుడు. వచ్చిన మాట వినుడు, రాని మాటను లాగకుడు. బొమ్మను చదివి తీర్పు చెప్పుట మన పని కాదు. నెల దాటినను నిద్రాహారములు కుదురనియెడల వైద్యుని సహాయము పొందుడు. 2022 అక్టోబరులో మన ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినయెడల తెలుగులోనే మాటలాడుదురు. అడుగుటలో సిగ్గు లేదు.

ఈ వ్యాసము వ్రాయుటకు సెలవడుగ బోయినప్పుడు, ఆ యువకుడు తన పుస్తకములోనుండి నాలుగు మడతల కాగితమొకటి తీసి చూపెను. నల్లరంగు మడతలయొద్ద రాలిపోయినది. త్రాడు అట్లే యున్నది. నా యెర్రసిరా గీటును అట్లే యున్నది. అది తుడుచు ఉపాయమేమైన కలదా యని అడిగితిని.

"ఉండనీయండి, సార్" అని మడచి లోపల పెట్టుకొనెను.