ఆ పాటలో రామ్ ఎందుకు పడిపోయాడు?

నేను చరణ్ ఫ్యాన్. మా బావ (మేనత్త కొడుకు) తారక్ ఫ్యాన్. ‘ఆర్ఆర్ఆర్’ ప్రకటించిన రోజు నుంచే మా ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు, ఈ సినిమా వచ్చేలోపు వీళ్ళిద్దరిలో ఒక్కడే మిగులుతాడని.

2022 మార్చి 25. తెనాలిలో పొద్దున్నే మొదటి ఆట, పక్కపక్క సీట్లు. వంతెన కింద మంటల్లోంచి పిల్లాణ్ణి కాపాడి రామ్, భీమ్ చేతులు కలిపినప్పుడు బావ నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కాడంటే, ఇంటర్వెల్ దాకా వేళ్ళు నొప్పి పుట్టాయి. ‘కొమురం భీముడో’ పాటలో వాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వాడు దెబ్బలు తింటున్న భీమ్‌ని చూసి, నేను కొరడా పట్టుకున్న రామ్ కళ్ళు చూసి. బయటికొచ్చాక జుట్టులో కాగితం ముక్కలతోనే ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డాం. ఇద్దరికీ గొంతు లేదు. సైగలతోనే ఇంకో ప్లేటు చెప్పాం.

సాయంత్రానికి ఫోన్లు తీశాం. అక్కడితో అయిపోయింది.

ఒకడేమో తారక్‌ని సైడ్ క్యారెక్టర్ చేశారంటాడు. ఇంకొకడేమో చరణ్ లేకపోతే సెకండాఫ్ లేదంటాడు. బావ వాటిల్లో ఒకటి నాకు పంపాడు, నేను రెండు పంపాను. పొద్దున చెయ్యి నలిపేసినవాడు రాత్రికి ‘మీ వాడు’, ‘మా వాడు’ అని మాట్లాడుతున్నాడు. నేనేమైనా తక్కువా? మే నెలలో సినిమా ఓటీటీలోకి రాగానే స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. ఎవరు ఎన్ని నిమిషాలు కనిపించారో నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. నిజం! మధ్యలో ఒకచోట ఇరుక్కుపోయాను. జైలు నుంచి తప్పించేటప్పుడు భీమ్ రామ్‌ని భుజాల మీద ఎక్కించుకుంటాడు కదా, పైనున్నవాడు కాలుస్తాడు, కిందున్నవాడు పరిగెడతాడు. ఆ నిమిషాలు ఎవరి ఖాతాలో వెయ్యాలి? కాసేపు ఆలోచించి చరణ్ ఖాతాలో వేశాను. ఆ లెక్క ఫొటో తీసి మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను.

బావ ఒక్క లైన్ రాశాడు: “పని లేనోడికి సినిమా అంతా స్టాప్‌వాచే కనిపిస్తది.”

అప్పటికి నా బీటెక్ అయ్యి ఏడాది. ఉద్యోగం లేదు. ఆ గ్రూప్‌లో అత్తయ్య ఉంది, బాబాయిలున్నారు, నాన్న ఉన్నాడు. ఒక్కరూ మాట్లాడట్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్య అప్పుల మాట తీసి ఒక జవాబు రాశాను. అది మళ్ళీ ఇక్కడ రాయలేను. రెండు నిమిషాల్లో డిలీట్ చేశాను గానీ, చదవాల్సినవాళ్ళు అప్పటికే చదివేశారు.

దసరాకి వాళ్ళు రాలేదు. సంక్రాంతికి వచ్చారు గానీ బావ డాబా మీదే ఉండిపోయాడు. అత్తయ్య నాకు అరిసెలు పెట్టింది, ఏమీ అనలేదు. ఏమైనా అనుంటే బాగుండేది.

ఫ్యాన్స్ గొడవలు మన తరం కనిపెట్టినవేం కాదు. మా నాన్న కృష్ణ ఫ్యాన్. పేపర్లో వంద రోజుల సెంటర్ల లిస్టుతో ప్రకటన వస్తే కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచుకునేవాడట. ఒక్క సెంటర్ తగ్గినా కిళ్ళీకొట్టు దగ్గర గొడవే. ఇప్పుడు సెంటర్ల బదులు షేర్, గ్రాస్, బ్రేక్ ఈవెన్. నైజాంలో ఎంత, సీడెడ్‌లో ఎంత, ఓవర్సీస్‌లో ఎంత. మన దగ్గర ఈ లెక్కలు అధికారికంగా బయటపెట్టే వ్యవస్థే లేదు. నిర్మాత పోస్టర్ మీద ఒకటి, ట్రేడ్ వాళ్ళది ఇంకొకటి. అందులో ఒక్క రూపాయి కూడా మన జేబులోకి రాదు. అయినా ఆ అంకెల కోసం అత్తయ్య కొడుకుని పోగొట్టుకుంటాం.

అలాగని వాదించుకోవద్దని నేననను. వాదన లేని అభిమానం ఉప్పు లేని పప్పులాంటిది, నాకు దిగదు. కానీ అన్ని నెలల గొడవలో ‘కొమురం భీముడో’కి ఎందుకేడ్చావని నేను బావని ఒక్కసారి కూడా అడగలేదు. మోకాళ్ళ మీద పడనంటే పడనని నిలబడ్డ భీమ్‌లో వాడికి ఎవరు కనిపించారో నాకప్పుడు తెలియదు. ఇంటికి అప్పులవాళ్ళు వచ్చి వెళ్తున్న రోజులవి. తెలిసుంటే ఆ మాట రాసేవాణ్ణా? ఏమో, ఆ కోపంలో రాసేవాణ్ణేమో కూడా.

2023 మార్చి 13, సోమవారం పొద్దున ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కారు. ఇంట్లో నాన్న కూడా చప్పట్లు కొట్టాడు. నేను ఫోన్ తీసి బావ పేరు దగ్గర ఆగాను. ‘కొట్టాం’ అని రాశాను, చెరిపాను. తర్వాత ఊరికే ఆ పాట పెట్టుకున్నాను. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, స్టెప్పుల్లో ఎవరు ఎక్కువ ఊపారా అని పోల్చడానికే చూసేవాణ్ణి. ఈసారి చివరిదాకా చూశాను. అందరూ అలిసిపోయాక ఇద్దరే మిగులుతారు. జెన్నీ భీమ్ గెలవాలని అరుస్తుంటుంది. రామ్ అది చూస్తాడు. చూసి, కావాలనే కింద పడిపోతాడు.

నేను నెలల తరబడి అదే పాట మీద, మా వాడే గెలిచాడని నిరూపించడానికి కొట్టుకున్నాను!

బావకి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. ముందు మావయ్య సంగతి తీసి క్షమాపణ అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. “నాన్న నీ మెసేజ్ చూడలేదులే, అమ్మే ఫోన్ దాచింది” అన్నాడు చివరికి. అప్పుడు రామ్ పడిపోయే సీన్ గురించి చెప్పాను.

“కావాలని పడ్డమేంట్రా?” అన్నాడు బావ. “వాడికి దమ్ము అయిపోయింది.”

ఆ ఒక్క విషయం మీద మేమింకా కొట్టుకుంటున్నాం. ఫోన్లోనే. గ్రూప్‌లో కాదు.