ఇంటిపేరునకు తావెక్కడ?

గ్రంథకర్త పేరును సూచికలో నెట్లు వ్రాయవలెనను విచారము పండితుల కాలక్షేపమని మేము చిరకాలము తలంచియుంటిమి. ఆ యలక్ష్యమువలన నష్టపడినది మా చెల్లెలు.

ఆమె వృక్షశాస్త్రమున పరిశోధకురాలు. పెండ్లికి పూర్వము తొలి వ్యాసమును పత్రికకు పంపునపుడు, "అన్నయ్యా, ఇంటిపేరు ముందు వ్రాయనా, వెనుక వ్రాయనా?" అని మమ్మడిగెను. అప్పటికే పదియేండ్లుగా బడిలో ఆంగ్లము బోధించుచున్న మేము తడుముకొనక, "ఆంగ్లేయులకు ఇంటిపేరు చివర నుండును, నీవును అట్లే చేయుము" అంటిమి. ఆమె యట్లే చేసెను. రెండవ వ్యాసమును వేఱొక పత్రికవారు మన వాడుక చొప్పున పొడి యక్షరము ముందును, పేరు వెనుకను ముద్రించిరి. వివాహానంతరము మూడు వ్యాసములు వెలువడెను. వానిలో పొడి యక్షరము అత్తవారిది. పిమ్మట నొక యుద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనగా, పరిశీలించినవారు మూడింటినే లెక్కించి, తక్కిన రెండును ఎవరివని యడిగిరి. ఐదు వ్యాసములును ముగ్గురు స్త్రీల పాలైనవి!

పాశ్చాత్యుల పద్ధతులలో, ముఖ్యముగా ఏ.పి.ఏ. యను దానిలో, వంశనామము ముందు వ్రాసి, కామా పెట్టి, స్వనామమునకు పొడి యక్షరములు చేర్తురు. జాన్ స్మిత్ "స్మిత్, జె." అగును. చివరనున్న యింటిపేరును ముందునకు దెచ్చుటకే ఆ కామా. తెలుగువాని యింటిపేరు మొదటనే యున్నది గదా, దానిని కదల్పనేల? అయినను నియమము కన్నులు మూసికొని చివరి మాటనే పట్టుకొనును.

1925లో ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించిన యిరువురి పేర్లు రసాయన గ్రంథములలో "ఫిస్కే, సుబ్బారో" అని ప్రక్కప్రక్కనే యుండును. అమెరికావాడు తన యింటిపేరుతో కూర్చుండెను. యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇంటిలో పిలిచిన పేరుతో కూర్చుండిరి. కల్యంపూడి రాధాకృష్ణారావుగారి 1945 నాటి సంఖ్యాశాస్త్ర వ్యాసమును "రావు, సి. ఆర్." అని యుదాహరింతురు. కల్యంపూడి యొక యక్షరమయ్యెను, రాధాకృష్ణ యొక యక్షరమయ్యెను. గౌరవమునకు తగిలించిన "రావు" వంశనామమై కూర్చుండెను! వీరి కీర్తి గొప్పది గనుక పేరెట్లు వ్రాసినను లోకము గుర్తించినది. ఐదు వ్యాసముల పిల్లకు ఆ యండ లేదు.

పాణిని తన సూత్రములలో శాకల్యుని, గార్గ్యుని ఒక్కొక్క మాటతోనే స్మరించెను. గర్గుని వంశమున పుట్టినవారందఱును గార్గ్యులే గదా! ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. క్రొత్తది స్త్రీల చిక్కు. పురుషుని పొడి యక్షరము జీవితాంతము నిలిచియుండును. స్త్రీది పెండ్లిపీటలమీద మాఱును. సూచిక వ్రాయువానికి పీటలతో పనిలేదు. అక్షరము మాఱినచో మనిషియే మాఱెనని యెంచును. పరిశోధకులకు పదునాఱంకెల గుర్తింపు సంఖ్య నిచ్చు ఏర్పాటు 2012 నుండి కలదు. మా చెల్లెలు ఇప్పుడు దానిని తీసికొన్నది. మంచిదే. కాని సంఖ్య లేనిదే తన పని తనది కాకపోవుట యెట్టి న్యాయము?

మా సలహా తప్పని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము. రచయిత తన పేరును తా నెట్లు వ్రాసికొనునో అట్లే ముద్రింపవలెను. ఏది యింటిపేరో వారినే యడుగవలెను. ఆడుపిల్ల తొలి వ్యాసమున పెట్టిన పేరునే కడవఱకు నిలుపుకొనుట మేలు. ఈ మాట బడిలో బాలికలతో చెప్పుచున్నాము. కొందఱి తల్లిదండ్రులకు ఇది రుచింపలేదు.

గతమాసమున ఆమె యాఱవ వ్యాసము ప్రూఫు వచ్చెను. అందును అత్తవారి యక్షరమే. పట్టాలో నున్నది పుట్టినింటి యక్షరమని చెప్పి, చెల్లెలు కలము తీసికొని దానిని కొట్టివేసి, ఇది వ్రాసెను. భర్త చూచి, "ఈ పని ముందే చేయవలసినది" అనెను. అత్తగారు మాత్రము, "మా పేరేమి పాపము చేసినదమ్మా?" అని మెల్లగా నడిగిరి. అచ్చట నున్న మాలో నెవ్వరమును ఆమెకు బదులు చెప్పలేకపోతిమి.