మంచు పడిన అరటి తోట



విశాఖపట్నంలో ఉండేవాళ్లకు అరటికి చలి దెబ్బ అంటే నమ్మబుద్ధి కాదు. సముద్రం పక్కన ఊరు. గాజువాక వీధుల్లోనూ, హార్బరు వైపు పెరళ్లలోనూ ఎవరూ పట్టించుకోకపోయినా అరటి దానంతటదే గుబురుగా పెరుగుతుంది. అదే నర్సీపట్నం దాటి ఘాటీ ఎక్కి లంబసింగి చేరండి. సుమారు 1000 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరిలో కొన్ని తెల్లవారుజాముల్లో చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది. ఆ మంచు చూడడానికి జనం బళ్లు కట్టుకుని వస్తారు. అరటి వేసినవాడికి ఆ అందం కనబడదు.

మన సంఘంలో ఒక తమ్ముడు పట్నంలో కాంట్రాక్టు పని పోయాక ఆ కొండ మీద తండ్రి పొలానికి తిరిగి వెళ్లాడు. భార్య గాజులు తాకట్టు పెట్టి 200 టిష్యూకల్చర్ మొక్కలు నాటాడు. జనవరిలో రెండు రాత్రులు మంచు పడింది. ఆకులన్నీ ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడాయి. "అయ్యగారూ, అన్నీ తవ్వి పారేసి మళ్లీ పట్నం పోతాను" అని ఫోన్ చేశాడు. విశ్వాసం తక్కువైందని ఎవరో అన్నారట కూడా. ఆ మాట నాకు నచ్చలేదు. మంచు పడేటప్పుడు ఎవరి పొలమని చూసి పడదు.

నేను అడిగింది ఒకటే. "తమ్ముడూ, దుంప చూశావా?"

అరటిలో మనం కాండం అనుకునేది కాండం కాదు. ఆకు మట్టలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని అలా నిలబడతాయి. అసలు కాండం మట్టిలో ఉన్న దుంప. పువ్వు కట్టేదాకా మొక్క మొలిచే మొన ఆ దుంప దగ్గరే ఉంటుంది. వేడి సుమారు 12 డిగ్రీల కంటే తగ్గితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, మంచు పడితే ఆకు చస్తుంది. మట్టి మాత్రం గాలి అంత తొందరగా చల్లబడదు. గెల లోపల పైకి బయలుదేరిన చెట్టు సంగతి వేరు. దాని మొన పైకి వచ్చేసింది కాబట్టి చలికి గెల గొంతులోనే ఇరుక్కుంటుంది. ఇతనివి ఇంకా లేత మొక్కలే.

జపాన్‌లో బాషో అనే అరటి ఉంది, పండు తినడానికి పనికిరాదు. 1681లో శిష్యుడొకడు తెచ్చి గుడిసె పక్కన నాటితే, ఆ కవి దాని పేరే తన పేరుగా పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇంగ్లండులో తోటలవాళ్లు దాన్నే పెంచుతారు. చలికాలం ముందు బోదె చుట్టూ గడ్డి కట్టి, మొదట్లో ఎండుటాకులు మందంగా కప్పుతారు. పైన అంతా చచ్చినా వేసవికి దుంప నుంచి మళ్లీ లేస్తుంది. మన జాతులకు అంత చలి ఓపిక లేదు. అయినా బొంత అరటిలో అడవి అరటి పోలిక ఎక్కువ కాబట్టి అది కొంచెం మొండిది.

అందుకే వెంటనే తవ్వవద్దని చెప్పాను. నల్లబడిన ఆకులు కూడా కోయవద్దన్నాను, అవే మిగతా మంచుకు గొడుగు. మొదట్లో జానెడు మందం వరిగడ్డి వేయించాను. చల్లటి తడి నిలిస్తే దుంప కుళ్లుతుంది కాబట్టి నీళ్లు తగ్గించమన్నాను. నెల రోజులు ఏమీ చేయకుండా కూర్చోవడం అతనికి పని చేయడం కంటే కష్టమైంది. అతని భార్యకు ఇంకా కష్టం, వడ్డీ ఆగదు కదా.

ఫిబ్రవరి చివర ఎండ ముదిరాక కొండ ఎక్కాను. ముగ్గురం ప్రార్థన చేసుకుని పది మొక్కలు మోకాలి ఎత్తున అడ్డంగా కోశాం. లోపల తెల్లగా, గట్టిగా ఉండి రసం కారితే బతికున్నట్టు. గోధుమ రంగు తిరిగి, మెత్తబడి వాసన వస్తే ఇంకా కిందకు కోసి చూడాలి. సాయంత్రం కోసినవాటిలో ఏడింటికి తెల్లారేసరికి నడిమి చుట్ట వేలెడు పైకి వచ్చింది. ఆ చెల్లెమ్మ దాన్ని వేలితో ముట్టుకుని చూసింది, ఏమీ అనలేదు.

మూడు కుళ్లిపోయాయి. అవి పల్లంలో ఉన్నవి. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారి నిలుస్తుంది. అక్కడ మళ్లీ ఇవే నాటవద్దని గట్టిగా చెప్పాను. గట్టు పోసి బొంత పిలకలు వేస్తానన్నాడు, లేదా ఆ ముక్క వదిలేస్తాడు.

గాజుల అప్పు ఇంకా ఉంది. ఏప్రిల్, మే నెలలు పట్నంలో పనికి వెళ్లి వస్తానంటున్నాడు, ఆ రెండు నెలలూ ఆమె ఒక్కతే నీళ్లు పెట్టుకోవాలి. ఇంకా 190 మొక్కలు కోసి చూడాల్సి ఉంది. వచ్చే శనివారం ఖాళీగా ఉన్న సహోదరులు పదునైన కత్తి తెచ్చుకుని ఉదయం ఆరింటికి నర్సీపట్నం బస్టాండు దగ్గరకు రండి. స్వెట్టరు మరచిపోకండి.